పదకొండింటికి మోగే ఫోను

మామిడికుదురు భవానీదేవికి నమ్మకమనేది పుట్టుకతోనే తక్కువ. పాలవాడు పాలు పోస్తే గిన్నెలో వేలు ముంచి చూడనిదే లోపలికి తీసుకెళ్లదు. బెండకాయలమ్మే మనిషి లేతవేనని ఒట్టేసి చెప్పినా, ప్రతి కాయా తోక విరిచి చూసుకుంటుంది. పుట్టిల్లు సఖినేటిపల్లి. అక్కడ రేవులో గోదారి దాటే పంటు ఎక్కిందంటే, తాడు గట్టిగా కట్టేరా లేదా అని అడగకుండా కూర్చోదు. చిన్నప్పటినుంచీ ఎరిగిన సరంగు, "కట్టేమమ్మా, కావాలంటే వచ్చి ముడి చూసుకోండి" అంటాడు. ఆవిడ నిజంగానే వెళ్లి చూసుకుంటుంది!

అలాంటి మనిషి చేతికి షుగరు చూపించే ఫోను దొరికింది. ఇంక చెప్పాలా?

షుగరు ఆవిడకి కాదు, మొగుడు నరసింహమూర్తికి. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం, ఊరి చివర కొట్టు. ఈమధ్య చెప్పు ఒరుసుకుని కాలి బొటనవేలికి పుండు పడితే ఎంతకీ మానలేదు. రాజోలులో డాక్టరుగారు చూసి పెదవి విరిచేడు. మూర్తి జబ్బ వెనక రూపాయి బిళ్లంత పరికరం ఒకటి అంటించి, "షుగరు ఎప్పుడెంతుందో ఇదే ఫోనుకి చెబుతుంది. రెండు వారాలు చూద్దాం. అదుపులోకి రాకపోతే మాత్రం వేలు తియ్యాల్సి రావచ్చు" అన్నాడు.

భవానీదేవి బావగారికి ఇలాగే వేలుతో మొదలై మోకాలి దాకా పోయింది. ఆ ఇంట్లో తోడికోడలు పడ్డ అవస్థ ఆవిడ కళ్లారా చూసింది. అందుకే ఆసుపత్రిలో నర్సమ్మాయిని పట్టుకుని, "మా ఆయన ఫోను గల్లాపెట్టె మీద పారేసి మర్చిపోతారమ్మా. నా ఫోన్లో కూడా వచ్చేలా పెట్టు" అని దగ్గరుండి పెట్టించుకుంది. షుగరు హద్దు దాటితే రెండు ఫోన్లూ మోగుతాయి.

ఆ రోజే పంచదార డబ్బా అటకెక్కింది. అన్నం కొలతకొచ్చింది. కొట్టు దగ్గర టీ బందు. టీ లేకపోతే పాపం నీరసిస్తాడని, పొద్దున్నే పెరట్లో బొండాలు దింపించి, ఆ నీళ్లు పెద్ద స్టీలు క్యానులో పోసి, లేతకొబ్బరి గీకి వేసి చేతికిచ్చేది. చలవ చేస్తుంది, పుండూ తొందరగా ఆరుతుందని.

మర్నాడు పదకొండింటికి ఫోను గీపెట్టింది. చూస్తే మూడొందలకి దగ్గర!

"ఏవండీ, ఏం తిన్నారు?" అని కొట్టుకి ఫోను చేసింది.

"ఏం తినలేదే."

"టీ తాగేరా?"

"నువ్వు మానమన్నాక ఎలా తాగుతానే? లేదు."

ఆ మర్నాడూ పదకొండింటికే. ఆ పై రోజూ అంతే. ఆదివారం కొట్టు మూసి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పదకొండింటికి మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుని ఫోను చూసింది. కిక్కురుమనలేదు. సోమవారం కొట్టుకెళ్లాడో లేదో, మళ్లీ మోగింది. ఇంట్లో ఉంటే మోగనిది కొట్టుకెళ్తేనే మోగుతోందంటే అర్థమేమిటి? ఇంకా రుజువులేం కావాలి!

అక్కణ్ణుంచి ఆ ఇల్లు పోలీసు ఠాణా అయిపోయింది. మూర్తి గుమ్మంలో అడుగుపెట్టగానే, "ఏదీ, నోరు తెరవండి" అని వాసన చూసేది. చొక్కా జేబులు తిరగేసి దులిపేది. మిఠాయి కొట్టువాణ్ణి నిలదీసింది. వాడు బిక్కచచ్చిపోయి, "మీ ఆయనగారు ఇటేపు వచ్చి ఎన్నాళ్లయిందో అండీ" అన్నాడు. నమ్మితేగా! కొట్టులో కాయలు ఒలిచే వీరన్నని కూడా దారికాచి పట్టుకుంది.

"వీరన్నా, నిజం చెప్పు. అయ్యగారు పదకొండింటికి ఏం తింటన్నారు?"

"ఏం తింటల్లేదండమ్మా. నిజంగానండి, ఆయ్!"

వీడూ ఆయనా ఒకటే అనుకుంది.

వారం తిరిగేసరికి డాక్టరుగారు రమ్మన్నాడు. ఫోనులో గీత చూసి మొహం చిట్లించి, "రోజూ పదకొండింటికి ఏం తింటున్నారండీ మూర్తిగారూ?" అని అడిగాడు.

"ఏమీ తినడం లేదండీ."

"అబద్ధం డాక్టరుగారూ!" భవానీదేవి ఆగలేకపోయింది. "ఇంట్లో ఉంటే బంగారంలా ఉంటారండీ. కొట్టుకెళ్తే దొంగతిండి. వేలు పోతుందన్నా భయం లేదు."

తలుపవతల బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. వాళ్లలో మూర్తి దగ్గర కాయలు కొనేవాళ్లూ ఉన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చేసినవాడు మాట్లాడడులే అని ఈవిడ సరిపెట్టుకుంది.

మర్నాడు క్యాను చేతికిచ్చి పంపించి, వెనకాలే బయల్దేరింది. కొట్టు పక్కసందులోంచి వెళ్లి, కాయల రాశి చాటున నక్కి కూర్చుంది. కొబ్బరి పీచు ముక్కులో దూరి తుమ్ము వస్తుంటే కొంగు అడ్డం పెట్టుకుని మరీ చూసింది. మూర్తి కాయలు లెక్కపెట్టించాడు. ఎవరితోనో బేరమాడాడు. టీ కుర్రాడొస్తే చేత్తోనే పొమ్మన్నాడు. తర్వాత క్యాను మూత తీసి, అడుగున ఉన్న లేతకొబ్బరితో సహా ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాడు. అంతే. ఇంక దేనిమీదా చెయ్యి వెయ్యలేదు.

కాసేపటికి ఈవిడ గుప్పిట్లో ఫోను మోగింది.

"అమ్మగారండీ!" అని వీరన్న ఉలిక్కిపడ్డాడు. మూర్తి లేచి వచ్చాడు. భవానీదేవి ఫోను వంక చూసింది, క్యాను వంక చూసింది. ఆదివారం ఇంట్లో ఇచ్చింది మజ్జిగ.

కోనసీమలో బొండం నీళ్లని తిండి కింద ఎవడు జమకట్టాడు గనక? ఒక్కపొద్దు ఉన్నవాళ్లు తాగుతారు, జ్వరమొచ్చినవాళ్లు తాగుతారు, పసిపిల్లలకి ఉగ్గుగిన్నెతో పడతారు. ఏం తిన్నావంటే ఏం తినలేదంటారు గానీ, బొండం తాగేనని ఎవరూ చెప్పరు. ఈవిడకి అడగాలని తోచలేదు, ఆయనకి చెప్పాలని తోచలేదు.

"నేనేనండీ," అంది, కాయల మీదే కూలబడి. "నా చేత్తో నేనే పోసేనండీ మీకు." అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

"ఊరుకో, నీకు మాత్రం ఏం తెలుసు," అన్నాడు మూర్తి. కానీ పక్కన కూర్చోలేదు.

క్యాను ఆగిపోయింది. పదకొండింటికి ఫోను మోగడం మానేసింది. మళ్లీ రాజోలు వెళ్లేసరికి పుండు అంచులు ఎండుతున్నాయి. డాక్టరుగారు వేలు నొక్కి చూసి, "ఇంక భయం లేదు, తియ్యక్కర్లేదు" అన్నాడు. భవానీదేవి అప్పుడు లేచి, తలుపు బార్లా తీసి, బెంచీల మీద వాళ్లందరికీ వినపడేలా చెప్పింది.

"ఆ రోజు మా ఆయన దొంగతిండి తింటన్నారని అన్నానండీ. ఆయనేం తినలేదు. నేనే క్యానుడు బొండం నీళ్లు పోసి పంపేను. తప్పు నాదండీ."

బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరుగారు కూడా నవ్వి, "అందులోనూ చక్కెర ఉంటుందమ్మా, క్యానుడంటే మాటలా!" అని మూర్తి వైపు తిరిగాడు. "ఆవిడ అలా అంటుంటే మీరేమిటండీ, తినలేదని గట్టిగా చెప్పొద్దూ?"

మూర్తి జబ్బ మీది బిళ్ల కప్పుకుంటూ చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

"చెప్పేనండీ," అన్నాడు. "ముప్పయ్యేళ్లు కాపరం చేసిన మనిషికి రోజూ చెప్పేను. ఆ బిళ్ల చెప్పేకే నమ్మింది."