పిట్ట ముట్టని విస్తరి

మా అమ్మను చంపినవాడికి జైల్లో ఆదివారం కోడికూర పెడతారని ఫోన్లో ఒక వీడియో చూసి తెలుసుకున్నాను. పొద్దున లేచి ఏం చేస్తాడు, తోటలో ఏ మడికి నీళ్లు పెడతాడు, క్యారమ్స్ ఎవరితో ఆడతాడు, అన్నీ అందులో ఉన్నాయి. వెనక వీణ వాయించారు. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివి, కామారెడ్డిలో దుకాణాలకు సీసీ కెమెరాలు బిగిస్తుంటాను. ఏది నిజంగా తీసిన దృశ్యమో, ఏది పాత ఫొటోల అతుకో చూడగానే తెలుస్తుంది. ఆ వీడియోలో జైలు లోపల తీసింది ఒక్కటీ లేదు. కోడికూర మాత్రం నిజమేనట.

వాడి పద్ధతి చాలా సులువైంది. ఎల్లారెడ్డిలో కూలీలు నిలబడే అడ్డా దగ్గర పొద్దున్నే బండి ఆపేవాడు. కాళ్లకు వెండి కడియాలున్న ఆడమనిషిని చూసుకుని, కలుపు పని ఉంది, ఒక్కరు చాలు అనేవాడు. మా అమ్మకంటే ముందు ఇద్దరు అలాగే బండెక్కారు. అమ్మ కేసులో వాడికి యావజ్జీవం పడింది. మిగతా రెండు కేసులు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి, పేషీకి కామారెడ్డి కోర్టుకు తెచ్చినప్పుడల్లా వ్యాను మెట్ల మీద నిలబడి మైకులకు మాట్లాడేవాడు.

"ఆమె నాతోని ఇష్టంగనే వచ్చింది. ఆ తర్వాత ఎవడు చంపిండో నాకేం ఎరుక. నన్ను ఇరికిచ్చిండ్రు."

ఈ మాటల్ని ఒక చానెల్ కుర్రాడు మూడు వీడియోలుగా సాగదీశాడు. కింద జనం వాడికి ప్రేమ గుర్తులు పెట్టారు. మా అమ్మ గురించి వాళ్లు రాసినవి ఇక్కడ రాయను. వాటిని మా బాపుకు చదివి వినిపించింది, ఆయనతో కలిసి గంజి మార్కెట్లో బస్తాలు మోసే మనిషే. మర్నాటి నుంచి బాపు పనికి పోలేదు.

"కోర్టు చెప్పింది కద బాపూ, వాడే చంపిండని."

"కోర్టు చెప్తె ఎవడు ఇంటుండు? వాడు వాని నోటితోని చెప్పాలె."

నాకూ అదే కావాలి. వాడు జైల్లో ఉంటే చాలదు. వాడి నోటితోనే ఆ మాట రావాలి.

ఇంతలో వాడి తల్లి చనిపోయింది. రామారెడ్డి మండలం దిక్కు ఊరు. వాడొక్కడే కొడుకు. మూడో రోజు పిట్టకు పెట్టడానికి పోలీసు కాపలాతో కాసేపు తెస్తారని వార్త వచ్చింది.

చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. ముట్టలేదంటే పోయినవాళ్లు ఏదో మాట కోసం చూస్తున్నట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే మాట ఇస్తారు. మా అమ్మకు పెట్టిన రోజు బాపు ఎన్ని మాటలిచ్చినా కాకి రాలేదు. పక్కన ఇంకో కుటుంబం పెట్టిన విస్తరి దగ్గరే కాకులన్నీ మూగి ఉన్నాయి. అది ఖాళీ అయ్యాకే మా వైపు వచ్చాయి. అందరూ ఏడుస్తుంటే నేను ఆ సంగతి గమనించాను. కడుపు నిండిన కాకి ఎవరి మాటా వినదు.

మూడో రోజు తెల్లవారుతుండగా చికెన్ సెంటర్ నుంచి ఒక బకెట్ కోడిపేగులు తీసుకుని బండి మీద ఆ ఊరికి వెళ్లాను. కుంట గట్టుకు అవతల, ఊరి శ్మశానం వైకుంఠధామానికి కనపడని చోట చల్లాను. చుట్టుపక్కల కాకులన్నీ దిగాయి. ఇక తినలేక ఒక్కొక్కటే తుమ్మల్లోకి ఎగిరిపోయేదాకా ఉన్నాను. తర్వాత వెళ్లి ఊరివాళ్లలో నిలబడ్డాను. చొక్కా జేబులో ఫోన్ కెమెరా నడుస్తూనే ఉంది.

చానెళ్లవాళ్లను పోలీసులు రోడ్డు మీదే ఆపేశారు. వాడు వ్యాను దిగాడు. ఒళ్లు చేశాడు. అన్నం, మటన్, కల్లు సీసా, బీడీ కట్ట విస్తరి దగ్గర పెట్టి వెనక్కి జరిగాడు. పిట్ట జాడ లేదు.

"మాట ఇయ్యిరా," అన్నాడు వాడి మేనమామ. "ముసల్ది సూస్తున్నది."

"అవ్వా, నీ మనుమండ్లను మంచిగ సూసుకుంట."

"జైల్లుండి ఎట్ల సూసుకుంటవ్‌రా?" అన్నది ఒక ముసలామె. "సచ్చినాక గూడ అవ్వకు అబద్ధమేనా?"

వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఇల్లు అమ్ముకోనవ్వా. నీ పేరు మీదనే ఉంచుత."

ఒక కాకి వచ్చి గేటు మీద వాలింది. ముక్కు ఇనుపచువ్వకు రాసుకుని వెళ్లిపోయింది.

"జల్ది కానియ్యి, టైం అయితున్నది," అన్నాడు కానిస్టేబుల్.

మేనమామ వాడి దగ్గరికి వెళ్లాడు. "అక్క సచ్చేదాక ఒక్కటే అడిగింది, నా కొడుకు చేసిండా, చెయ్యలేదా అని. టీవీల ఒకటి చెప్తివి, పోలీసోళ్లకు ఒకటి చెప్తివి. గీడనన్న నిజం చెప్పురా."

వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నేనే చేసిన అవ్వా. కడియాల కోసమే చేసిన. ఆ ఎల్లారెడ్డామె ఇష్టంతోని రాలే, పనికే వచ్చింది. సద్ది గూడ కట్టుకొచ్చుకున్నది. ఇగ ముట్టవ్వా."

కాకి రాలేదు. అదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. రాలేదు. కానిస్టేబుల్ భుజం పట్టి లేపాడు. మేనమామ విస్తరి ఎత్తి, గట్టు మీద మేస్తున్న ఆవు ముందు పెట్టాడు. వ్యాను ఎక్కేదాకా వాడు వెనక్కి తిరిగి ఆకాశం చూస్తూనే ఉన్నాడు. నాకు జాలి కలుగుతుందేమోనని కాసేపు చూశాను. కలగలేదు.

రోడ్డు మీద ఆ చానెల్ కుర్రాడు ఎదురొచ్చాడు. "లోపల ఏమన్నడన్నా? నీ తాన వీడియో గిట్ల ఉన్నదా?"

"ఉన్నది. ఇష్టంతోని వచ్చిందని పెట్టినవ్ కద, ఆ మూడు వీడియోలు తీసెయ్యి. నా ముందటనే."

"అవే నడుస్తున్నయన్నా. తీస్తె నా పొట్ట మీద కొట్టినట్టే."

"నేను ఆమె కొడుకును."

వాడు నా మొహం చూస్తూ ఒక్కొక్కటే తీసేశాడు. సంగీతం పెట్టనని మాట తీసుకుని నా వీడియో పంపాను. పోలీసుల కాపలాలో అన్న మాట కోర్టులో నిలవడం కష్టమని తర్వాత వకీలు చెప్పాడు. నేను దాన్ని కోర్టు కోసం తీయలేదు.

కొన్నాళ్లకు నేనూ బాపూ ఎల్లారెడ్డికి షేర్ ఆటోలో వస్తున్నాం. గుడుంబా కాసిన కేసులో, అమ్మను చంపినవాడు ఉన్న జైలుకే పోయి బెయిలు మీద వచ్చిన మనిషి ఒకడు డ్రైవరుకు లోపలి ముచ్చట్లు చెబుతున్నాడు. మేమెవరమో ఆ మనిషికి తెలియదు.

"మొదట్ల అందరు అన్నా అన్నా అని ఆని సుట్టే తిరిగెటోళ్లు. ఆ వీడియో వచ్చినంక తిండికాడ ఎవ్వడు పక్కన కూసోడు. నీళ్లకాడ లైన్ల నిలవడ్డా, ఓ కడియాలోడా, ఎన్కకు పో అంటరు."

బాపు ముందుకు వంగి ఆ మనిషి భుజం తట్టాడు.

"ఏమంటరన్నవ్ బిడ్డా? మల్లొక్కసారి చెప్పు."