నీళ్ళ కింద దిల్‌సుఖ్‌నగర్

నా చిన్నప్పుడు నీళ్ళ కింద ఒక ఊరు చూశాను. అది సముద్రంలో మునిగిన ఊరూ కాదు, ఆనకట్ట కట్టాక జలాశయం పాలైన ఊరూ కాదు. మా దిల్‌సుఖ్‌నగరే. ఈ మాట చెబితే మా మనవలు అమ్మమ్మకి మళ్ళీ ప్రయాణాల పిచ్చి పట్టిందని నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. రిటైరయ్యాక కారేసుకుని ఈ దేశంలో కనపడిన రోడ్డల్లా తిరిగాను. అరవై దాటాక అండమాన్ వెళ్ళి స్కూబా కూడా చేసొచ్చాను. కానీ నేను మరిచిపోలేని ప్రయాణం మాత్రం మా ఇంటి నుంచి మలక్‌పేట అవతల దాకా, అంతే.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటి మాట. నాన్నగారి ఉద్యోగం కోసం మేము గోదావరి జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. అప్పటికి మెయిన్‌రోడ్డుకి అటూ ఇటూ కొన్ని వీధులు, ఆ తర్వాత చేలు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న చోట బండరాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప మనిషి కనిపించేవాడు కాదు. మా ఇంటి ఓనరమ్మది నల్లగొండ వైపు పల్లె. నేను ఆవిడని పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఎత్తైన మనిషి, అంతకంటే పెద్ద గొంతు. అమ్మ పులుసులో బెల్లం వేస్తే "గిది పులుసా, పాయసమా?" అని వాకిట్లోంచే వెక్కిరించేది, వెక్కిరిస్తూనే గిన్నె చాపేది.

ఆవిడ పెద్దకొడుకు కాలేజీలో చదువుతూ ఉద్యమంలో దిగి జైలుకి వెళ్ళాడు. "మా పోరగాండ్ల కొలువులు మాకు గావాలె, గంతే. గదాంట్ల తప్పేంది చెల్లె?" అని అమ్మ ముఖం మీదే అడిగేది. ఆ సాయంత్రమే మా గడపలో ఒక సొరకాయో, కాసిని పచ్చి శనగలో ప్రత్యక్షమయ్యేవి. ఇద్దరూ ఒకే నూతి నీళ్ళు తోడుకునేవాళ్ళు.

బడులు మూసేశారు. నాన్నగారు ఆఫీసు పనిమీద గుంటూరు వెళ్ళి, దారులు సరిగా లేక అక్కడే చిక్కుబడిపోయారు. అంతకు కాస్త ముందే మా మేనమామ కాకినాడ నుంచి తన పాత జీపు వేసుకుని వచ్చాడు. ఆయన నౌకాదళంలో నీళ్ళలో మునిగే డైవరుగా పనిచేసి మానేసిన మనిషి. నన్ను నాగార్జునసాగర్ తీసుకెళ్ళి అంత నీరు చూపిస్తానన్నది ఆయన మాట. కానీ గొడవలు ముదిరాయి. ఆ రోజుల్లో నంబరు ప్లేటు మీది అక్షరాలు చూస్తే బండి ఏ జిల్లాదో చిన్నపిల్లలు కూడా చెప్పేసేవారు. దాంతో జీపు మా వాకిట్లో తాటిపత్రి గుడ్డ కప్పుకుని కూర్చుంది.

ఆగిన జీపులోనే మామయ్య నాకు ప్రయాణాలు నేర్పాడు. రోడ్డు మీదకి పోయేవాడు ముందు నీళ్ళ డబ్బా చూసుకోవాలనీ, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలనీ, అలసిన డ్రైవరుతో కబుర్లు చెప్పాలి కానీ తొందర పెట్టకూడదనీ. తర్వాత పెరట్లో ఉన్న నీళ్ళ హౌజ్ దగ్గరికి తీసుకెళ్ళి తన డైవింగు అద్దం నా ముఖానికి పెట్టేవాడు. ఆవిరి పట్టకుండా అద్దం లోపల ఉమ్మి రాసి కడిగేవాడు. అమ్మ చీదరించుకునేది. నాకు ఉబ్బసం. అందుకే ఆయన అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఊపిరి సంగతి. "గాలి పీల్చడం పుట్టిన ప్రతివాడికీ వచ్చు, అమ్మలూ. వదలడమే నేర్చుకోవాలి. నీళ్ళ కింద ఊపిరి బిగబట్టినవాడు చెడతాడు. సన్నగా, మెల్లిగా వదులు. నీ బుడగల కంటే తొందరగా పైకి రాకు."

ఆషాఢంలో ఒక ఆదివారం. బోనాల రోజు. అదే రోజు బందు. ముందు రోజు సాయంత్రం నుంచీ రోడ్డు మీద టైర్లు తగలబెడుతున్నారు. ఆ నల్లటి పొగ వానమబ్బు కింద ఎటూ కదలక ఇళ్ళ మీదే కూర్చుంది. పొద్దెక్కేసరికి నా ఛాతీ పిల్లికూతలు మొదలుపెట్టింది. మాత్రలు అయిపోయాయి. మందుల షాపు మూసి ఉంది, మా వీధి డాక్టరు ఊళ్ళో లేడు. మధ్యాహ్నానికి నా పెదాలు నల్లబడటం చూసి అమ్మ ఏడుపు ఆపేసింది. అమ్మ ఏడుపు ఆపడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మామయ్య తాటిపత్రి లాగేసి, గబగబా మట్టి తడిపి నంబరు ప్లేటుకి పూస్తున్నాడు. అప్పటికి పెద్దమ్మ ఒక్కపొద్దు ఉండి, తలస్నానం చేసి, సరూర్‌నగర్ చెరువు మీది కట్ట మైసమ్మకి బోనం సిద్ధం చేసుకుని ఉంది. ముఖానికి పసుపు, నుదుట ఇంత బొట్టు. ఇత్తడి బిందెలో అన్నం, చుట్టూ వేపమండలు, పైన మూతలో దీపం. వాకిట్లోకి వచ్చి నన్ను చూసింది, మామయ్య చేతి మట్టినీ చూసింది.

"ఏం పని తమ్మీ గిది? దాచిన నంబరే ముందుగాల కండ్ల వడ్తది. కడుగు," అంది.

మామయ్య బిత్తరపోయాడు. ఆవిడే చెంబుతో నీళ్ళు గుమ్మరించి కొంగుతో తుడిచింది. తర్వాత బోనం ఎత్తి తలమీద పెట్టుకుంది. జీపు ముందు సీట్ల పైనున్న గుడ్డ కప్పు విప్పించి, డ్రైవరు పక్క సీట్లో, ఒక చేత్తో బోనం పట్టుకుని నిటారుగా కూర్చుంది. అమ్మ వెనక సీట్లో నన్ను ఒళ్ళో వేసుకుంది. "అక్కయ్యగారూ, మీ మొక్కు..." అని ఏదో అనబోయింది. "మొక్కు నడుస్తనే ఉంటది, బండి నడువనియ్యి," అంది పెద్దమ్మ.

వీధి దాటాక మామయ్య వెనక్కి తిరక్కుండానే నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. "అమ్మలూ, మనం మునుగుతున్నాం. పొగ కాదది, అడుగు నుంచి లేచిన బురద. భయపడకు, అద్దంలోంచి చూడు. ఊదు, దీపం ఆరకుండా ఊదినట్టు సన్నగా ఊదు." ముక్కు మూసుకుపోతుందని అద్దాన్ని ముఖానికి పెట్టనివ్వలేదు, బయల్దేరేటప్పుడే చేతికిచ్చాడు. నేను కళ్ళకి అడ్డంగా పట్టుకుని చూశాను.

చూస్తే ఊరు నిజంగానే మునిగి ఉంది. వెలుతురు పచ్చగా, మురికిగా ఉంది. షాపులన్నిటికీ తలుపులు వేసి ఉన్నాయి. ఒక రిక్షా రోడ్డు మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది, దాని వెనక చక్రం మాత్రం మెల్లిగా తిరుగుతోంది. ఏదో మూసిన ఇంట్లో రేడియో మోగుతోంది కానీ మాటలు తెలియడం లేదు. పసుపు పూసి వేపదండ వేసిన ఒక మేకపోతు, తాడు ఈడ్చుకుంటూ, మా జీపుతో పాటు కొంతదూరం నడిచి ఆగిపోయింది. కిటికీ సందుల్లో కళ్ళు ఉన్నాయి. మనుషులు కనపడలేదు, కళ్ళే కనపడ్డాయి. నా చెవుల్లో హోరు. ఊదుతున్నాను, ఊదుతున్నాను, లోపలికి గాలి రావడం లేదు.

మలక్‌పేట చేరకముందు రోడ్డుకి అడ్డంగా బండరాళ్ళు పేర్చి, టైర్లు కాలుస్తున్నారు. పొగలోంచి కుర్రాళ్ళు లేచి వచ్చారు. చేతుల్లో రాళ్ళు. బోనం చూసి ఆగారు. కానీ వాళ్ళలో ఒకడు అడగవలసిందే అడిగాడు. "ఏందమ్మా, మైసమ్మ ఆడుంటే బోనం గిటెందుకు వస్తున్నది?" ఇంకొకడు వంగి ప్లేటు చదివి, "ఆంధ్రా బండిరా ఇది!" అని అరిచాడు.

మామయ్య బండి ఆపేశాడు. పెద్దమ్మ దిగింది. తొందరేం పడలేదు. బోనం మీద చెయ్యి తియ్యకుండా వాళ్ళ ముందుకి నడిచింది.

"ఆంధ్రా బండే. కడిగి మరీ తెచ్చిన, సక్కగ చదువుకో. పిల్ల మాత్రం నా ఇంటి పిల్ల. దానికి ఊపిరి ఆడ్తలేదు, దవాఖానకు తీస్కపోతున్న. నా కొడుకు మీ కోసమే జైల్ల కూసున్నడు. గీ పిల్లను గీడ ఆపుతరా? చెప్పుండ్రి, రేపు వాడు బయటికొస్తే నేనేం జెప్పాలె?"

అప్పుడే నేను ఆయన్ని చూశాను. పొగ అవతల ఒక పోతరాజు నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా పసుపు, కాటుక కళ్ళు, మెడలో నిమ్మకాయలు, చేతిలో కొరడా. బోనాలకి ముందు నడిచే పోతరాజు చుట్టూ డప్పులుంటాయి, జనం ఉంటారు. ఆయన చుట్టూ ఏమీ లేదు. చప్పుడు లేకుండా కొరడా ఆడించాడు. కుర్రాళ్ళు చేతుల్లో రాళ్ళు వదిలేసి, అడ్డం పెట్టిన బండలు దొర్లించడం మొదలుపెట్టారు. ఆయన మాకు వీపు తిప్పి ముందు నడిచాడు. వెనక పెద్దమ్మ, ఆ వెనక జీపు. పొగ దాటాక చూస్తే రోడ్డు ఖాళీ.

దవాఖానలో ఇంజెక్షను ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. ఛాతీ మీద నుంచి ఎవరో కాలు తీసినట్టుగా మెల్లిగా గాలి లోపలికి వచ్చింది. ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి వాన వెలిసి, కిటికీలో సాయంత్రపు ఎండ ఉంది. ఆ ఎండలో, వరండా స్తంభం పక్కన, పెద్దమ్మ నిలబడి ఉంది. బోనం ఇంకా తలమీదే ఉంది.

మామయ్య ఎన్నిసార్లు బతిమాలాడో తర్వాత అమ్మ చెప్పింది. నర్సులు స్టూలు తెచ్చారట, కాసేపు దించమన్నారట. "ఎత్తినంక నడుమ దించొద్దు. అమ్మకాడనే దించాలె," అందట. కూర్చోనూ లేదు. ఒక్కపొద్దు ఉన్న మనిషి, నీళ్ళు కూడా ముట్టలేదు. చేతులు మార్చుకుంటూ, గోడకి ఆనకుండా, నా మంచం కనిపించే చోట అలా నిలబడింది. దీపం ఎప్పుడో ఆరిపోయింది. ఆవిడ మెడ నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి.

డాక్టరు సరేనన్నాక అందరం అదే జీపులో వెనక్కి వచ్చాం. ఇంటి దగ్గర ఆగకుండా నేరుగా చెరువుకట్ట మీదికి వెళ్ళాం. చీకటి ఇంకా పడలేదు. పెద్దమ్మ మైసమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అప్పుడు దించింది. దించిన చేతులు చాలాసేపు కిందికి రాలేదు, బిందె లేకపోయినా అలాగే పైకి ఉండిపోయాయి. అమ్మ వాటిని పట్టుకుని మెల్లిగా దించి, ఆవిడ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పొద్దున ఆపుకున్నదంతా అక్కడ ఏడ్చేసింది.

పోతరాజు ఎక్కడికి వెళ్ళాడని నేను అడిగాను. అమ్మ తెల్లబోయింది. అమ్మకి ఎవరూ కనపడలేదు. పెద్దమ్మ, "నా ముంగట ఎవ్వరు లేరు బిడ్డా," అని మైసమ్మ వైపు తిరిగి దండం పెట్టింది. మామయ్య మాత్రం నవ్వలేదు. గాలి తక్కువైతే నీళ్ళ కింద లేనివి కనపడతాయని, తను కూడా చూశానని చెప్పాడు. "కనపడినదాన్ని కొట్టిపారెయ్యకు. దాని వెంటపడి పోకు కూడా. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకో, చాలు." ఇన్నేళ్ళయినా నేను ఆ విషయంలో ఎవరితోనూ వాదించను. ఆ రోడ్డు మీద ఇప్పుడు మెట్రో పోతుంది. అందులో వెళ్ళినప్పుడల్లా కిందికి చూస్తాను, అంతే.

మా సాగర్ ప్రయాణం ఆ ఏడు జరగలేదు. పెద్దమ్మ కొడుకు జైలు నుంచి వచ్చాడు. పెద్దమ్మ మెడ ఆ తర్వాత ఎప్పుడూ పూర్తిగా ఎడమ వైపు తిరగలేదు. పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజున వీధుల్లో బాణసంచా కాలుస్తుంటే, చూడటానికి ఆవిడ లేదు. నేను స్వీటు పంచుతూ ఏడ్చాను. మా గోదావరి వైపు చుట్టాలు, నువ్వెందుకమ్మా పంచుతున్నావన్నారు. వాళ్ళకి చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేకపోయింది.

పెద్దయ్యాక ఉబ్బసం నన్ను వదిలేసింది. అండమాన్‌లో డాక్టరు పరీక్షలన్నీ చేసి ఒప్పుకున్నాకే నీళ్ళలోకి దిగాను. నాతో పాటు దిగిన వాళ్ళలో వరంగల్ అమ్మాయి ఒకతె ఉంది, కొత్తగా పెళ్ళైన పిల్ల. అడుగున ఉండగా ఆ పిల్లకి ఏం కనపడిందో ఏమో, కళ్ళు పెద్దవి చేసి ఊపిరి బిగబట్టింది. నేను చెయ్యి పట్టుకున్నాను. నా బుడగలు ఆమెకి చూపించాను. ఒక బుడగ, మెల్లిగా. ఇంకొకటి. ఆమె కూడా వదిలింది. శిక్షణ ఇచ్చే అబ్బాయి ముందు, మేమిద్దరం వెనక, బుడగల కంటే నెమ్మదిగా పైకి వచ్చాం.

నీటి మీదికి తేలాక ఆ పిల్ల ఏడుస్తూ, నవ్వుతూ, బాగానే ఉన్నానంది. పడవ ఇంకా కొంచెం దూరంలో ఉంది. నా ముసలి మణికట్టు సలుపుతోంది. అది చూసి ఆ అబ్బాయి, మేడమ్, ఇక చెయ్యి వదిలేయండి, నేను చూసుకుంటానన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు, మా ఇంట్లో ఎవరిదీ కాదు.

"గీడ గాదు బిడ్డా. పడవ ఎక్కినంక."