తోలు తీయని దుడ్డె

మా పుష్పమ్మ పెద్దమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. మర్రిగూడ మండలంలో గుట్టల కింద ఉన్న మా ఊళ్లో పాలకేంద్రం నడిపేది నేను. పొద్దున్నే క్యాన్లు పట్టుకొచ్చే వాళ్లంతా నా మాట వింటారు, పెద్దమ్మ తప్ప. ఫ్యాట్ తక్కువ వచ్చిందని చెబితే చాలు, "సతీశూ, నీ మిషన్‌కే కండ్లు కనబడ్తలేవు, నా బర్రెను అంటవా?" అని అందరి ముందు కడిగి పారేస్తుంది. ఒళ్లు మండుతుంది నాకు. మా అమ్మకు సొంత అక్క కాబట్టి పళ్లు బిగబట్టుకుంటాను.

పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. బిడ్డ నాగరాణి షాద్‌నగర్‌లో కాపురం చేసుకుంటోంది. రమ్మంటే పెద్దమ్మ పోదు. "ఆడ బర్రెల్ని ఏ అంతస్తుల కట్టెయ్యాలె?" అంటుంది. బాయికాడ కొట్టంలో రెండు బర్రెలు, వాటి కింద రెండు దుడ్డెలు. మా నేలలో పత్తి వానను నమ్ముకుని బతకాలి, పెద్దమ్మ మాత్రం పాలను నమ్ముకుని బతికింది.

పత్తి ఏరే రోజుల్లో చిరుత గుట్ట దిగింది. మా గుట్టల్లో చిరుత ఉందన్నది కొత్త సంగతేం కాదు. అడవిపంది పిల్లలు, కుందేళ్లు, నెమళ్లు, ఊరి చివరి కుక్కలు, వీటితోనే దానికి గడిచిపోయేది. ఆ యేడు ఎందుకు దిగిందో దానికే తెలియాలి. పొద్దు గుంకే వేళ పెద్ద బర్రె దుడ్డెను మెడ పట్టి చంపి, సీతాఫలం పొదల్లోకి ఈడ్చుకుపోయింది. జనం అరుపులకు తినకుండానే గుట్టెక్కింది.

దుడ్డె చస్తే మా దగ్గర ఏం చేస్తారో చెప్పాలి. దుడ్డె మూతి పెట్టందే బర్రె పాలు చేపదు. పొదుగు నిండా పాలున్నా బిగబట్టుకుంటుంది. అందుకని చచ్చిన దుడ్డె తోలు తీసి, లోపల గడ్డి కూరి కుట్టి, బర్రె ముందు నిలబెడతారు. అది దాన్ని వాసన చూస్తుంది, నాకుతుంది, చేపుతుంది. ఈ పనిలో మా ఊరి జానయ్యకు మంచి పేరు. ఆ రాత్రికే పెద్దమ్మ దుడ్డెను పొదల్లోంచి ఇంటికి తెప్పించింది. జానయ్య గడ్డి దుడ్డెను చేసిచ్చాడు. మిగిలినదాన్ని పాతిపెట్టారు. పొద్దున పాలు ఎప్పటిలాగే కేంద్రానికి వచ్చాయి.

మరునాడు మాపటికి చిరుత పక్క చేనులో గులాం నబీ మేకను పట్టింది. ఆయన మర్యాదస్తుడు, కుక్కలు పీక్కుతింటాయని మేకను వెంటనే గుంత తీసి పూడ్చాడు. ఆ తెల్లారి పెద్దమ్మ చిన్న బర్రె దుడ్డె పోయింది. తొలిచూలు బర్రె అది. దుడ్డె గొంతు మీద పళ్లు దిగిన గుర్తులు తప్ప ఒంటి మీద వేరే గాయం లేదు, పడుకున్నట్టే ఉంది.

ఇక ఊరంతా బాయికాడే. మా వాడకట్టు కమలాకర్ గుళికల మందు డబ్బా పట్టుకొచ్చాడు. "గీ మాంసంల కలిపిపెడ్త. మాపటికల్ల పీడ పోతది" అన్నాడు. అబద్ధం ఎందుకు, నాకూ అదే సబబనిపించింది. పక్కన జానయ్య కత్తి నూరుకుంటున్నాడు, గడ్డి మోపు సిద్ధంగా ఉంది.

అంతలో ఫారెస్టు వాచర్ రాంచందర్ వచ్చాడు. దుడ్డె చుట్టూ తిరిగి చూశాడు. "మొదటి దుడ్డెను ఏం జేసిన్రు?" అని అడిగాడు. చెప్పాం. "మేకను?" చెప్పాం.

"అది చంపిన జాగల దాసిపెట్టుకుంటది, మల్ల మాపటికొచ్చి తింటది. కడుపు నిండినంక గుట్టెక్కుతది. మీరేమో రెండుమాట్ల దాని ముందట్నుంచి కూడు గుంజుకున్నరు. ఆకలి మీదున్నది ఇంకోటి చంపకుంట ఏం జేస్తది? దీన్ని ఇడిచిపెట్టున్రి. పస్రాలను కొట్టంల పెట్టి తడిక గట్టిగ బిగియ్యున్రి."

"తోలొక్కటి తీస్కుంట" అన్నాడు జానయ్య.

"తీసినంక మనిషి వాసనకు అది ముట్టకపోవచ్చు. మల్ల ఎవరి కొట్టం మీద పడ్తదో నేను చెప్పలేను."

అందరం పెద్దమ్మ వైపు చూశాం. తోలు తీయకపోతే చిన్న బర్రె చేపదని అక్కడ తెలియనివాడు లేడు. తీస్తే ఇంకెవరి జీవం పోతుందో తెలియదు. గులాం నబీ మెల్లగా అన్నాడు, "అక్కా, దుడ్డె నీది. నీ ఇష్టం."

పెద్దమ్మ దుడ్డె గొంతు మీద ఒకసారి తడిమి లేచింది. "నేను గుంజుకొచ్చుకుంటేనే గదా నీ మేక పాయె నబీ" అంది. తర్వాత జానయ్యతో, "కత్తి లోపల పెట్టు మరిదీ" అంది. కమలాకర్ వైపు తిరిగి, "నువ్వు ఆ డబ్బ పట్కొని నా చెల్కల అడుగుపెడితె కాళ్లిరుగగొడ్త. తినే కూట్ల విషం గలుపుతరార ఎవరన్న?" అంది.

చిన్న బర్రె దుడ్డె దగ్గర నిలబడి నాకుతూనే ఉంది. అది కదిలితే గానీ చిరుత రాదు. పెద్దమ్మే పలుపు పట్టుకుని గుంజింది. బర్రె నాలుగు కాళ్లూ బిగదన్ని అరిచింది. నేను సాయం పోతే, "నువ్వు ముట్టకు" అంది. ఏడుస్తూనే గుంజుకుపోయి కొట్టంలో కట్టేసింది.

కమలాకర్ మాట వినే రకం కాదని ఆమెకు తెలుసు. అందుకే ఆ రోజంతా ఎండలో చేని ఒడ్డు మీద కూర్చుని దుడ్డెకు కావలి కాసింది. తన దుడ్డెను చంపిన చిరుత కోసం కావలి! పిచ్చి ముదిరిందని ఊరు నవ్వింది. నేనూ విసుక్కుంటూనే సద్ది తీసుకుపోయాను, ముట్టలేదు. పొద్దు వాలాక రాంచందర్ గదమాయిస్తే లేచింది.

తెల్లారి చూస్తే దుడ్డె పొదల్లో ఉంది, పొట్టభాగం తినేసి ఉంది. మిగిలింది తినడానికి ఆ రాత్రి చిరుత మళ్లీ వచ్చింది. తిన్నాక గుట్టెక్కింది. ఆ తర్వాత ఊళ్లో ఒక్క మేకపిల్ల కూడా పోలేదు. నవ్విన వాళ్లు ఆ సంగతి తీసుకురారు.

చిన్న బర్రె మాత్రం చేపలేదు. పెద్దమ్మ తౌడు పెట్టింది, బెల్లం పెట్టింది, వేడినీళ్ల గుడ్డతో పొదుగు ఒత్తింది, గంటలు గంటలు పక్కన కూర్చుని బతిమాలింది. పొదుగు వాచి, గట్టిపడి, చివరికి ఎండిపోయింది. కేంద్రానికి వచ్చే ఆమె క్యాను సగమైంది. పెద్ద బర్రె గడ్డి దుడ్డెను నాకుతూ ఇప్పటికీ పాలిస్తోంది.

మొన్న పాలు పోయించుకుంటూ ఉండబట్టలేక అడిగాను. "పెద్దమ్మా, ఒట్టిపోయినదాన్ని ఎన్ని రోజులు మేపుతవు? అమ్మెయ్యరాదు?"

"దీన్ని అమ్మను" అంది. "పెద్ద బర్రెను మోసం జేసిన, అది నమ్మింది. దీన్ని చెయ్యలే. గుంజుకపోయింది నేనేనని దీనికి ఎరుకే."

"గడ్డి తింటున్నదా మరి?"

పెద్దమ్మ ఖాళీ క్యాను చంకన పెట్టుకుంది. "తింటది. నేను ఏసి అవతలికి పోయినంక తింటది."