టీచరమ్మగారు తిట్లు తిన్న రోజు

మా అమ్మాయిని అక్కడి ఆడవాళ్ళు చెడామడా తిట్టారండీ! ఆఫ్రికాలో మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న నా కూతుర్ని, నలుగురైదుగురు చుట్టూ చేరి మరీ తిట్టారట. ఇంత శుభవార్త నా జన్మలో వినలేదు. ఇది విని నాకంటే ఎక్కువగా పొంగిపోయిన మనిషి, మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ టీచరమ్మగారు, మర్నాడు తెల్లవారుతుండగా కన్నుమూశారు.

కూతురు తిట్లు తింటే సంతోషమేమిటని అడుగుతారు. చెబుతాను. రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. చేతికి స్పానరు తెలిసినంతగా కలం తెలియదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

టీచరమ్మగారిది కెనడా. మన ఆడపిల్లలకు చదువూ కుట్టుపనీ నేర్పడానికి మిషను తరఫున వచ్చేనాటికి ఆవిడకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. బంగళాలో ఉండనని చెప్పి, మా క్వార్టర్ల వెనక ఒక గది అద్దెకు తీసుకున్నారు. చీర జారకుండా ఏడెనిమిది పిన్నీసులు పెట్టుకునేవారు. మేం పోసే చోడి అంబలి, అదే రాగి జావ, ఊపిరి బిగబట్టి తాగేసి "చాలా రుచిగా ఉన్నది" అనేవారు, పుస్తకంలో మాటలాగా. మేమందరం "అమ్మగారూ" అని కుర్చీ వేసేవాళ్ళం. ఆవిడ లేచి వెళ్ళాకే మా ఇంట్లో గొంతులు మామూలుగా లేచేవి.

మా వీధి కొళాయికి పొద్దున్న ఒక్క గంటే నీళ్ళు. మనుషులు వరసలో నిలబడరు, బిందెలు నిలబడతాయి. బిందె పెట్టేసి ఆడవాళ్ళు పొయ్యి దగ్గరకు పోతారు. కొళాయి దగ్గర ఎవరుంటే వాళ్ళు, నిండినదాన్ని పక్కకు దించి వెనకదాన్ని ముందుకు జరుపుతారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. ఒకరోజు కొళాయి దగ్గర టీచరమ్మగారు ఒక్కరే ఉన్నారు. తన బిందె నిండగానే కొళాయి కట్టేసి, మిగతావి ముట్టకుండా వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు వచ్చేసరికి పదకొండు బిందెలూ ఖాళీ, నీళ్ళ గంట అయిపోయింది!

గోల విని ఆవిడ పరుగున వచ్చారు. "ఇతరుల బిందెలు తాకితే మైల అంటారని మిషనులో మాకు చెప్పారు. అందుకని..." అని నసిగారు.

మా పక్క క్వార్టరు ముసలమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "ఒసే పిన్నీసులమ్మా! నువ్వు ముట్టుకుంటే తోముకుంటాం గానీ, నీల్లే లేకపోతే దేంతో తోముకుంటామే? నీ బుర్రలో ఏటున్నాది?"

మా ఇంటిది కూడా ఊరుకోలేదు. "నేనేటి వండాలమ్మా? ఈయనకి డూటీ టయిమైపోనాది!" అని కేకలు వేసింది. నేను సిగ్గుతో లోపలికి పోయాను. ఇక ఈవిడ పెట్టె సర్దుకుంటుందనే అనుకున్నాను.

సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చారు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. కుర్చీ కోసం చూడకుండా గడప మీదే కూర్చున్నారు. "నాలుగు నెలలు చుట్టంలాగా చూశారు. ఈరోజు నన్ను 'ఒసే' అన్నారు. చుట్టంతో ఎవరు పోట్లాడతారు? ఇక నేను ఈ ఊరిదాన్ని" అన్నారు. మా ఇంటిది నవ్వలేక, ఏడవలేక టీ పెట్టింది. ఆ మర్నాటినుంచి పదకొండు బిందెలకూ కాపలా ఆవిడే. ఏడాది తిరక్కుండా యాసలో ముసలమ్మను మించిపోయారు.

ఆవిడ దగ్గర చదువుకున్న మా అమ్మాయి నర్సయింది, ఆవిడలాగే దేశం దాటింది. మొదటి ఉత్తరాలు చదివితే నా గుండె నీరైపోయేది. "నాన్నా, అందరూ మంచివాళ్ళే. కుర్చీ వేస్తారు, నవ్వుతారు, నేను వెళ్ళగానే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. ఉండలేను, వచ్చేస్తాను" అని రాసింది. నిజం చెప్పాలి, నాకు లోపల సంతోషమే. పిల్ల వచ్చేస్తోందని చుట్టాలందరికీ కార్డులు రాసేశాను, సంబంధాలు చూడమన్నాను.

టీచరమ్మగారు అప్పటికే మంచం పట్టారు. ఉత్తరం వినిపిస్తే, "రమ్మని రాయకు బాబూ. ఆళ్ళు దాన్ని తిట్టేదాకా ఆగు" అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "మీకు పిల్లలుంటే తెలిసేది" అనేశాను.

ఆవిడ, "నన్నిక్కడికి పంపిన మిషను పెద్దాయనతో మా అమ్మా ఇదే మాట అన్నాదంట" అన్నారు. అంతే. నేను రమ్మని రాయలేదు.

మొన్న వచ్చిందండీ ఉత్తరం! సందెవేళ ఆసుపత్రి పెరట్లో ఒకావిడ ఊడుస్తోందట. దీపాలు పెట్టాక ఊడిస్తే లక్ష్మి పోతుందని మన ముసలమ్మ చెప్పిన మాట మా పిల్లకు ఒంట్లో ఇంకిపోయింది. పోయి చీపురు లాక్కుంది! అక్కడ పిల్లలు పడుకునేది ఆ నేల మీదే, తేళ్ళు పురుగులు లేకుండా ఆ వేళే ఊడ్చుకోవాలట. ఇంకేముంది, అందరూ మీద పడ్డారు. తిట్టి తిట్టి, చివరికి ఆ చీపురు దీని చేతిలోనే పెట్టి పెరడంతా ఊడ్పించారు. తర్వాత తమ పళ్ళెంలోనే చెయ్యి పెట్టి తినమన్నారు. "నాన్నా, ఇక రాను" అని రాసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. మూడుసార్లు చదివించుకున్నారు టీచరమ్మగారు. తిట్ల దగ్గర మాత్రం నాలుగుసార్లు. "తిట్టినారా! బాగా తిట్టినారా?" అని దగ్గుతూ నవ్వారు. నేను అన్న ఆ పాడుమాటకు క్షమించమని అడగబోతే, "ఊరుకో బాబూ, పిల్ల కుదురుకుంది" అన్నారు. నేను విన్న ఆఖరి మాట అదే.

పిల్ల వచ్చేస్తోందని ఊరంతా చాటినవాణ్ణి నేనే కనుక, రావడం లేదని చెప్పవలసినవాణ్ణీ నేనే. వాల్తేరు వైపు బండి ఎక్కేవాళ్ళు ఎవరైనా దారిలో ఈ కబురు చెప్పి సాయం చెయ్యండి. పలాసలో మా చిన్నాన్న కొడుక్కి. ఆముదాలవలసలో మా మేనత్తకు, పాపం ఆవిడ సంబంధం కూడా చూసేసింది, మెల్లగా చెప్పండి. విజయనగరంలో మా పెద్దబావకు. టాటానగర్లో మా తమ్ముడికి నేనే కార్డు రాస్తాను. కెనడాలో ఒక చెల్లెలికి కూడా రాయాలి, ఇంగ్లీషు తెలిసినవాళ్ళ చేత. టీచరమ్మగారి చెల్లెలు కాబట్టి ఆవిడ మా పిల్లకు పిన్ని.