ఖట్టా లేని ఖిచ్డీ

రజాక్ భాయ్ ప్రెషర్ కుక్కర్ లేకుండా గుట్ట ఎక్కడు. అదేమైనా చిన్నాచితకా కుక్కరా? యాకుత్‌పురాలో వాళ్లింటిల్లిపాదికీ వండే అయిదు లీటర్లది! దాన్ని వీపుకి కట్టుకుని, విజిల్ ఎక్కడ జారిపోతుందోనని చొక్కా జేబు మీద చెయ్యి అదిమిపెట్టుకుని నడుస్తాడు. చూసినవాళ్లు గుండెనొప్పేమోనని మంచినీళ్లు కూడా ఇచ్చారు.

నలుగురు దోస్తులు నెలకో ఆదివారం అనంతగిరి గుట్టకు వెళతారు. తలా ఒక్క షౌఖు సామాను, అంటే మనసుపడ్డ వస్తువు, తెచ్చుకోవచ్చు, అదీ వాళ్ల కానూను. ఎల్లప్ప మడతకుర్చీ తెస్తాడు, సాగర్ పాటల డబ్బా తెస్తాడు, ఫలక్‌నుమా డానియేలు రేడియో తెస్తాడు.

"గుట్ట మీదికి కుక్కరేంది భాయ్?" అనేవాడు ఎల్లప్ప.

"అరె, ఖిచ్డీ నా జాన్!"

"మరి ఖట్టా ఏది?"

"హాయ్ అల్లా! మళ్ల మర్చిపోయిన!"

పాతబస్తీలో పుట్టి, పక్కన చింతపండు ఖట్టా లేకుండా ఖిచ్డీ తినడమా! ఎల్లప్ప నెత్తి కొట్టుకునేవాడు. డానియేలు అందరికంటే ఎక్కువ నవ్వేవాడు.

కానీ నోరు తెరిచి నవ్వలేడు పాపం. గుట్కా నమిలీ నమిలీ రెండేళ్లుగా అతని దవడలు బిగుసుకుపోతున్నాయి. రొట్టె కొరకలేడు. పులుపు తగిలితే నోరంతా మంట. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు డాక్టర్లు దవడ కోయాలన్నారు, బుధవారమే ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుందో రాదో. ఈలోగా ఒక్కసారి దోస్తులతో గుట్ట మీద కూర్చోవాలని అతని ఆశ.

శనివారం డానియేలు రజాక్ ఇంటికి వెళితే రజాక్ లేడు. భార్య బిల్కీస్ చాయ్ ఇచ్చి తన గోడు వెళ్లబోసుకుంది.

"మీరన్న చెప్పుండ్రి భాయ్. ఇంట్ల ఖిచ్డీ వండితే, బీమారోళ్ల ఖానా, జరమొచ్చినోళ్లు తినేది అని పళ్లెం నూకేస్తడు. గుట్టకు పోయేనాడు మాత్రం అదే కావాలంటడు. ఖట్టా సీసల పోసిస్తే ఇంట్లనే పెట్టిపోతడు. రెండేండ్ల సంది ఇదే లొల్లి."

"రెండేండ్లా భాబీ?"

డానియేలు చేతిలో చాయ్ చల్లారిపోయింది. రజాక్ తన నోటి సంగతి కనిపెట్టాడు. కనిపెట్టి, నలుగురిలో తన పరువు పోకుండా, అందరిచేతా మెత్తటి తిండి తినిపించాడు. తానేమో వాణ్ణే చూసి నవ్వాడు. డానియేలుకు ఏడుపు ఆగలేదు.

ఆదివారం గుట్ట మీద ఎల్లప్ప తిరగబడ్డాడు. "కీమా పెట్టిన లుక్మీలు తెచ్చిన. ఇయ్యాల ఆ కుక్కర్ దించేదే లేదు!"

"అయితే నేను ఎనక్కి పోత!" రజాక్ లొల్లి పెట్టాడు.

"ఆగుండ్రి," అన్నాడు డానియేలు. "కుక్కర్ నా కోసమే. నా నోరు తెరుసుకోదు. బుధారం దవడ కోస్తరు."

ఎల్లప్ప చేతిలోని లుక్మీ కిందపడింది. సాగర్ పాట ఆపేశాడు.

"జూట్! అంత అబద్ధం!" అని అరిచాడు రజాక్. "నా షౌఖు గుంజుకుంటవా? ఖిచ్డీ నా జాన్!"

రాళ్ల పొయ్యి మీద కుక్కర్ మూడు కూతలు కూసింది. డానియేలు రజాక్ పళ్లెంలో గరిటె మీద గరిటె వడ్డించాడు.

"నీ జాన్ గదా, తిను."

రజాక్ పళ్లెం వంక చూశాడు. కళ్లు గట్టిగా మూసుకుని, ఆముదం తాగినట్టు మొహం పెట్టి, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తిని, "మస్తుంది, ఇంకొంచెం ఎయ్యి," అన్నాడు.