ఒత్తి తుపాకిలో మందెంత?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. మనిషికి అన్నీ తెలిసి ఉండే వయసు ఇరవై నాలుగనుకుంటాను; ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెం మరిచిపోతూ వస్తాం. తొంభైల మొదట్లో తెనాలి నుంచి డిగ్రీ కాయితం పట్టుకుని ఖతార్ వెళ్ళి, దోహాలో ముషైరిబ్ దగ్గర ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరుగా చేరాను. మేకులూ పెయింటు డబ్బాలూ నా రాజ్యం. ఆ రాజ్యంలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ మా తాతయ్య వేట కథలు చెబుతుండేవాణ్ణి. పులి, అడవిపంది, ఒకసారి మొసలి కూడా. (మా తాతయ్య సంస్కృతం మాస్టారు. ఆయన జన్మలో చంపినవి దోమలే, అవీ బాధపడుతూ.)

ఈ కథలు మా ముదీర్ చెవిన, అంటే మేనేజరు చెవిన పడి, అక్కణ్ణించి వాళ్ళ నాన్నగారిదాకా వెళ్ళాయి. మేమంతా ఆయన్ని బాబా అనేవాళ్ళం. కుర్రతనంలో వ్యాపారం మీద బొంబాయి తిరిగిన మనిషి కాబట్టి హిందీ దంచేవారు. ఒక శుక్రవారం నన్ను మదీనత్ ఖలీఫాలోని ఇంటికి పిలిపించి, తన చేత్తో ఖర్జూరాలు పెట్టి, గోడ మీద తుపాకి చూపించారు. నా కంటే పొడుగుంది. గొట్టం మూతిలోంచి మందు కూరి, ఒత్తితో అంటించి పేల్చే పాతకాలపుది, వాళ్ళ తాతగారిదట.

"వచ్చే శుక్రవారం స్నేహితులతో ఎడారికి వెళుతున్నాం. దీంతోనే కుందేల్ని కొడతానని అందరికీ చెప్పేశాను. మందు రెండు రకాలుంది. ఏది పోయాలి, ఎంత పోయాలి? నువ్వు వేటగాడి మనవడివి కదా!" అంటూ రెండు డబ్బాలు నా ముందు పెట్టారు. ఒకదాంట్లో నల్లటి బొంబాయి రవ్వ లాంటిది, రెండోదాంట్లో కాటుకలా మెత్తటి పొడి. నిజం చెప్పెయ్యడానికి అంతకు మించిన సమయం లేదు. నోరు కూడా తెరిచాను. "మా తాతయ్య దగ్గర ఇలాంటివి మూడుండేవి బాబా" అన్న మాట బయటికొచ్చింది.

డబ్బాలు చంకన పెట్టుకుని తిన్నగా లేబర్ క్యాంపుకి పరిగెత్తాను. అక్కడ నిర్మల్ వైపు నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన ఉండేవాడు, అందరికీ మామే.

"మామా, మందు గురించి నీతో మాట్లాడాలి."

మామ లేచి తలుపు గడియ పెట్టాడు. "మెల్లగ మాట్లాడు తమ్మీ. ఏడ దొరికింది?"

"బాబా గారిచ్చారు. రెండు డబ్బాలు."

"డబ్బాలల్ల ఇచ్చిండా! ఎంత మంచోడు!" గదిలో ఒకతను అప్పుడే గ్లాసులు కడగడానికి లేచాడు.

"తుపాకి మందు మామా."

అంతమంది మొహాలు ఒక్కసారిగా వాడిపోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కానీ మామ తాత నిజంగానే అడవిపందులు కొట్టినవాడు. (మనం అల్లిన మనిషి ఇంకొకరి ఇంట్లో నిజంగా ఉన్నాడంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.) మామ రెండు డబ్బాల్లోనూ వేలు పెట్టి చూశాడు. "దొడ్డుది గొట్టంల పొయ్యాలె. సన్నది బయట ఒత్తి తాకే కాడ. ఉల్టా జేస్తివో, గొట్టం పలిగి ముసలాయన మొకం పోతది."

"ఎంత పోయాలి?"

"గుండు అరచేతిల పెట్టి, అది మునిగేదాక పొయ్యాలె. మా తాత గట్లనే చేసెటోడు."

"ఎవరి అరచెయ్యి?"

మామ తన చెయ్యి చూసుకున్నాడు, నా చెయ్యి చూశాడు. ఆయన చెయ్యి పార అంత ఉంటుంది, నాది గరిటె. తేల్చుకోలేక, ముందు మందు చెమ్మగిల్లిందేమో చూద్దామని కాయితం మీద చిటికెడు వేసి అగ్గిపుల్ల గీశాడు. నేను శాస్త్రీయంగా పరిశీలిద్దామని వంగాను. "ఎనుకకు జరుగు తమ్మీ" అన్న మాటా, భుస్సుమన్న మంటా కలిసే వచ్చాయి. ఎడమ కనుబొమ్మ పోయింది. ముదీర్ అడిగితే "వెల్డింగ్ సార్" అన్నాను. (స్టోర్‌లో వెల్డింగ్ ఉండదు.)

ఆ మంట చూశాక వారమంతా ఒకటే దిగులు. నా ఉద్యోగం సంగతి సరే, నాకు ఖర్జూరాలు పెట్టిన ఆ మొహానికి ఏమన్నా అయితే? శుక్రవారం ఎడారిలో తుపాకిలో మందు నింపేటప్పుడు నా అరచేతి కొలతలో సగం తీసుకుని, అందులో సగం తీసేసి, ఆపైన భయం కొద్దీ ఇంకో చిటికెడు తగ్గించాను.

తివాచీల మీద పదిమంది పెద్దమనుషులు ఊపిరి బిగబట్టారు. దూరాన పొద పక్కన కుందేలు. బాబా గురిచూసి ఒత్తి అంటించారు. ముందు భుస్సుమంది. కాసేపు ఆలోచించుకుని తుస్సుమంది. తెల్లటి పొగలోంచి గుండు నెమ్మదిగా బయటికొచ్చి, పది అడుగుల అవతల ఇసకలో కూలబడింది. కుందేలు లేచి నిలబడి మావైపు చూసింది, చెవి గోక్కుంది, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పరిగెత్తినా బాగుండేది.

నేను బాబా దగ్గరికెళ్ళి చేతులు జోడించాను. "మా తాతయ్య మాస్టారు బాబా. వేట మాఫీ, తుపాకి మాఫీ, ఏదీ లేదు, అన్నీ అబద్ధాలే. మీకేమన్నా అవుతుందని మందు తగ్గించేశాను."

ఆయన ఏమిటన్నట్టు చూసి, తలగుడ్డ కింద నుంచి ఒక చెవిలో దూది తీశారు. తర్వాత రెండో చెవిలోది. "ఇప్పుడు చెప్పు," అన్నారు.

నేరం ఒప్పుకోవడం మొదటిసారి తేలికే. రెండోసారి చెప్పడమే కష్టం. అంతా విని బాబా భుజాలు కదిలేలా నవ్వారు. "మా తాత దీన్ని పెళ్ళిళ్ళలో చప్పుడు కోసం పేల్చేవాడు. గుండెప్పుడూ వెయ్యలేదు. వారం నుంచి నాకూ నిద్ర లేదురా!" అని నా చెవిలో చెప్పి, స్నేహితుల వైపు తిరిగి అరబీలో గంభీరంగా ఏదో ప్రకటించారు. వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఏమన్నారని ముదీర్‌ని అడిగాను. "ఈసారికి కుందేలుకి వార్నింగ్ ఇచ్చి వదిలేశామన్నారు," అన్నాడు.

ఆ తర్వాత బాబా నన్ను తరచూ పిలిపించుకుని మా తాతయ్య అసలు కథలు చెప్పించుకునేవారు. గేదె వెనకాలే నడుస్తూ పిల్లల చేత శబ్దరూపాలు వల్లెవేయించడం, చెప్పులు మార్చుకుని వేరేవాళ్ళవి తొడుక్కు రావడం... మొసలి కథకి ఎవరూ అంత నవ్వలేదు. ఇప్పుడు యాభై ఏడేళ్ళు నాకు. తెలియనిది తెలియదని ఇట్టే చెప్పేస్తాను, జనం తలూపి వెళ్ళిపోతారు. ఏ శుక్రవారమో టీ తాగుతూ, అన్నీ తెలిసిన ఆ కుర్రాడు ఒక్కసారి ఎదురొస్తే బాగుండుననిపిస్తుంది. ఏమీ అనను, కుర్చీ వేసి ఆ మొసలి కథ మొదలెట్టమంటాను.