గోడ మీంచి చేబదులు

బిజినెస్ స్కూల్లో పీహెచ్‌డీ చేస్తున్నానని చెబితే మా క్వార్టర్లలో ఆంటీలందరూ అడిగింది ఒక్కటే: "అయితే ఏం బిజినెస్ పెడతావమ్మా?" నేను పెట్టేదేమీ లేదని, ఇంకొకరు పెట్టుకున్న ఫ్యాక్టరీలో కంప్యూటరు వల్ల నిజంగా లాభం ఉందా లేదా అని తేల్చడమే నా చదువని చెబితే, "దానికి ఇన్నేళ్ళా!" అని బుగ్గలు నొక్కుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. అమ్మ మాత్రం వంటింట్లోంచే "వాళ్ళన్నదాంట్లో తప్పేముందే?" అనేది.

మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేరారు. నేను పుట్టి పెరిగింది ఆ క్వార్టర్లలోనే. ఇంట్లో ఒక తెలుగు, గేటు దాటితే ఇంకో తెలుగు. పరిశోధనకు ఒక చోటు చూసుకోమని మా గైడ్ మేడమ్ అన్నప్పుడు, ఎక్కడికో పోవడం ఎందుకు, పటాన్‌చెరు ఉందిగా అన్నాను. ఇక్కడి మనుషుల సంగతి నాకు తెలియనిదా అని నా ధీమా.

మేం ఎంచుకున్నవి చిన్న షెడ్లు. నాలుగైదు లేతు మిషన్లు పెట్టుకుని, చుట్టుపక్కల మందుల కంపెనీలకు వాల్వులు, పైపుల అతుకులు చేసిచ్చేవాళ్ళు. పటాన్‌చెరులో కొన్ని గల్లీలు, గుమ్మడిదల, హత్నూర వైపు మరికొన్ని షెడ్లు. ఏ ఆర్డరు ఎప్పటికి ఇవ్వాలి, ఏ మిషను ఖాళీగా ఉంది, ఏ సరుకు అయిపోవస్తోంది, ఇవన్నీ తెర మీద చూపించే సాఫ్ట్‌వేరు ఒకటుంది. దాన్ని తయారుచేసే కంపెనీ మా పరిశోధన కోసం ఉచితంగా ఇస్తానంది. మేం లాటరీ వేసి సగం షెడ్లకు పెట్టించాం, సగానికి పెట్టలేదు. ఏడాది తర్వాత, మాటిచ్చిన తేదీకి సరుకు పంపడంలో ఈ రెండు గుంపుల మధ్య ఎంత తేడా వస్తే అంతా కంప్యూటరు చలవే. పొలంలో సగానికి ఎరువు వేసి, సగం వదిలేసి చూడడం లాంటిదే. నియమం ఒక్కటే: పెట్టించుకున్నవాళ్ళు దాన్ని బయటివాళ్ళను వాడనివ్వకూడదు. అందరూ సంతకాలు పెట్టారు.

నా థీసిస్ మొత్తం ఆ తేడా మీదే నిలబడింది. తేడా ఎంత అన్నది తేలకపోతే డిగ్రీ లేదు. ఆ ఏడాది ముగిసే ఎండాకాలంతో నా ఫెలోషిప్ కూడా అయిపోతుంది.

ఏడాది తిరిగింది. లెక్క కట్టాను. తేడా లేదు! ఒకటికి పదిసార్లు కట్టినా లేదు. పెట్టించుకున్నవాళ్ళు బాగుపడ్డారు, సంతోషం. పెట్టించుకోనివాళ్ళు కూడా అంతే బాగుపడ్డారు. వీళ్ళనెవరు బాగుపడమన్నారండీ? వీళ్ళు ఎప్పట్లాగే ఆలస్యంగా పంపుకుంటూ, తిట్లు తింటూ ఉండాలి కదా! హాస్టల్ గదిలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఫ్యాక్టరీల మీద కూడా పళ్ళు నూరాను.

మేడమ్ కోప్పడలేదు. ఆవిడ మాట్లాడేదే తక్కువ. "షెడ్లకు వెళ్ళి చూడు," అంది అంతే.

వెళ్ళేముందు అంకెల్లో ఒక వింత కనిపించింది. పటాన్‌చెరులో ఒక షెడ్డు, సాఫ్ట్‌వేరు ఉన్నదే, అందులో నైట్ షిఫ్టు పని పగటి పనికి సమానంగా ఎక్కుతోంది. ఆ షెడ్డు యజమాని నాకు తెలుసు. ఈ ఊరివాడే. ఒకప్పుడు నాన్న పనిచేసిన ఫ్యాక్టరీలోనే లేతు మీద పని నేర్చుకుని, తర్వాత సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. నన్ను "బిడ్డా" అంటాడు, నేను "అంకుల్" అంటాను. నైట్ షిఫ్టు ఎప్పుడు మొదలుపెట్టారని అడిగాను.

"నైట్ షిఫ్టా? గదేంది బిడ్డా? రాత్రి ఈడ కుక్కలు దప్ప ఎవరుంటరు?"

"మరి కంప్యూటర్లో రోజూ ఎక్కుతోందిగా అంకుల్?"

"ఓ, గదా! గది మా పక్కోనిది," అన్నాడు, తన చెప్పుల సంగతి చెప్పినంత మామూలుగా.

పక్కవాడంటే గోడ అవతలి షెడ్డాయన. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. వీళ్ళిద్దరూ అప్రెంటిస్ రోజుల నుంచీ స్నేహితులు. లాటరీలో ఆయనకు సాఫ్ట్‌వేరు రాలేదు. పొద్దున్నే టీ ఫ్లాస్కుతో పాటు ఆయన పనుల కాగితాలు గోడ మీంచి ఇటు వస్తాయట. వాటిని కంప్యూటరు ఆపరేటరమ్మాయి నైట్ షిఫ్టు కింద ఎక్కిస్తుందట. సాయంత్రానికి, రేపు ఏ మిషను మీద ఏం చెయ్యాలో రాసిన కాగితం ఖాళీ ఫ్లాస్కుతో పాటు తిరిగి గోడ దాటుతుందట.

"ఇవ్వకూడదని సంతకం పెట్టారు కదా అంకుల్!"

"పెట్టిన. కాదంటలేను. గని జెర మాది గూడ ఎక్కియ్యరాదురా అని వాడడిగె. లేదని ఎట్లంటనే? నిరుడు మా కంప్రెసర్ ఖరాబైతె వాడే ఇచ్చిండు. వాని గ్యాస్ అయిపోతె మా సిలిండర్ పోతది. ఈడ అందరు గట్లనే."

ఇంతలో గోడ మీంచి పక్కాయన తల కనిపించింది. "ఎవరూ, మన అమ్మాయేనా? మీ సాఫ్ట్‌వేరు బ్రహ్మాండంగా ఉందమ్మా! సరుకు కొనే పార్టీలవాళ్ళు ఫోన్ చేసి తిట్టడమే మానేశారనుకో!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాఫ్ట్‌వేరు లేని ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేరును మెచ్చుకుంటోంది. ఇచ్చిన టీ తాగకుండానే లేచి వచ్చేశాను. వాళ్ళకు అది చాలా తప్పుగా తోచిందని తర్వాత తెలిసింది.

ఆ వారమంతా మిగతా గల్లీలు తిరిగాను. ఒకచోట బావమరిదికి పాస్‌వర్డ్ ఇచ్చారు. ఇంకోచోట రెండు షెడ్లకు ఒకే ఆపరేటరు. ఎవరూ దాచలేదు, ఎవరికీ తప్పనిపించలేదు. చేబదులు ఇక్కడి పద్ధతి. డబ్బు సంగతి కాదు నేను చెప్పేది, వస్తువులు. డ్రిల్లు బిట్లు, చైన్ పుల్లీ, ఆఖరికి వెల్డరును కూడా ఒక పూటకు బదులిస్తారు. మా క్వార్టర్లలో అమ్మ కుక్కరు మా ఇంట్లో కన్నా ఎదురింట్లోనే ఎక్కువ ఉండేది. ఆ ఇంట్లో పెరిగిన నేను, ప్రతి ఫ్యాక్టరీ చుట్టూ ఆకాశం దాకా గోడ ఉన్నట్టు పరిశోధన కట్టాను. మేడమ్ కూడా అలాగే కట్టింది, నా థీసిస్ కమిటీ ఔనంది. పుస్తకాల్లో అలాగే ఉంటుంది మరి.

మా ల్యాబ్‌లో సీనియర్ ఒకడు తేలికైన దారి చెప్పాడు. "బదులు తెచ్చుకున్న షెడ్లను లెక్కలోంచి తీసెయ్. మిగిలినవాళ్ళతో పోల్చు." తీసేసి చూశాను. అబ్బ! తేడా ఎంత అందంగా వచ్చిందో! ఆ పూట క్యాంటీన్లో రెండు ప్లేట్ల మిర్చీ బజ్జీ తిన్నాను.

తిని వచ్చి, సాఫ్ట్‌వేరు లేనివాళ్ళలో అలా మిగిలిందెవరా అని పేర్లు చూశాను. హత్నూర దగ్గర చుట్టూ పొలాల మధ్య ఒంటరిగా ఉన్న షెడ్డు. అందరితోనూ గొడవ పెట్టుకుని ఎవరితోనూ మాటలు లేని ఒకాయన. మా లాటరీకి కాస్త ముందే వచ్చి, ఇంకా ఎవరితోనూ కలవని ఇద్దరు. అంటే ఎవరూ ఏదీ బదులివ్వనివాళ్ళు. కంప్రెసర్ పాడైతే వాళ్ళ పని ఆగిపోతుంది. వాళ్ళ సరుకు ఆలస్యమవడానికి కంప్యూటరు లేకపోవడం ఒక్కటే కారణమా? కాదని నాకు తెలుసు. ఆ అందమైన తేడా అబద్ధం.

మేడమ్‌కు రెండు లెక్కలూ చూపించాను. అది ఆవిడ పరిశోధన కూడా. పెద్ద పత్రికకు పంపాల్సిన పేపరు. ఆవిడ అందమైన లెక్కను కాసేపు చూసి, పక్కకు జరిపింది. "ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీ లాటరీ వెయ్యడం మన పొరపాటు. గల్లీకి గల్లీ వెయ్యాలి. ఒక గల్లీ అంతా పెట్టించుకుంటుంది, ఇంకో గల్లీ అంతా పెట్టించుకోదు. లోపల ఏం బదులిచ్చుకున్నా మనకు నష్టం లేదు," అంది. మళ్ళీ ఏడాది! ఫెలోషిప్ లేకుండా! గట్టిగానే ఏడ్చాను. ఆవిడ నీళ్ళ సీసా నా ముందుకు జరిపింది.

కమిటీ ఒక్క ఏడాది గడువిచ్చింది, అదే ఆఖరని చెప్పింది. సాఫ్ట్‌వేరు కంపెనీ కొత్తవి ఇవ్వనంది, కావాలంటే ఉన్నవాటిని ఒకచోట తీసి ఇంకోచోట పెట్టుకోండి అంది. మేడమ్ గదిలో కూర్చుని కంప్యూటరుతోనే గల్లీల లాటరీ తీశాం. అంకుల్ వాళ్ళ గల్లీకి "లేదు" అని వచ్చింది.

"ఇంకోసారి తీద్దామా మేడమ్?"

"తియ్యొచ్చు. అప్పుడది లాటరీ కాదు, నీ ఇష్టం."

సాఫ్ట్‌వేరు తీసేస్తామని చెప్పడానికి అంకుల్ దగ్గరికి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. ఉన్న గల్లీలే తక్కువ. ఆయన కాదంటే ఆ గల్లీ మొత్తం పోతుంది, దాంతో నా థీసిస్ పోతుంది. ఒప్పుకోకపోవడానికి ఆయనకు పూర్తి హక్కుంది. ఇదే మాట ఆయనకు దాచకుండా చెప్పాను.

ఆయన తెర వంక చూశాడు. "మళ్ల మందుల కంపెనోళ్లు ఫోన్ల మీద ఫోన్లు జేసి తిడ్తరు."

"తిడతారు అంకుల్."

"తీస్కపోకుంటె నీ చదువు?"

"ఆగిపోతుంది."

గోడ మీంచి పక్కాయన అందుకున్నాడు. "ఇదేం న్యాయమమ్మా! అలవాటు చేసి లాగేసుకుంటారా? కుదరదంటే కుదరదు!"

"నీదేం పోతదిర నడుమ? బదులు తెచ్చుకున్నోనివి నువ్వు!" అని అంకుల్ ఆయన మీద గయ్‌మన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "ఎప్పుడు తెచ్చిస్తవు?"

"ఏడాదికి."

"ఏడాదా!" అని గడ్డం గోక్కున్నాడు. "సరె. తీస్కపో."

సంతకం కోసం కాగితం తీశాను. ఆయన దాన్ని చేత్తో నెట్టేశాడు. "నిరుడు పెట్టిన గదా సంతకం, ఏమాయె? ముందు నోటితోని చెప్పు, తెచ్చిస్తనని."

"తెచ్చిస్తాను అంకుల్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ తర్వాత కాలేజీ వాళ్ళకు కావాలంటే సంతకం కూడా పెట్టాడు. ఈసారి టీ తాగే వచ్చాను.

ఆ ఏడాది పొద్దున పూట రెండు కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పుకుంటూ బతికాను. సాయంత్రాలు, మిషన్లు ఆగే వేళకు గల్లీలు తిరిగేదాన్ని. వెళ్ళినప్పుడల్లా "ఎట్లుంది అంకుల్?" అంటే "మంచిగనే ఉన్నది బిడ్డా, నువ్వు నీ పని చూసుకో" అనేవాడు. పక్క గల్లీ నుంచి ఎవరూ కంప్యూటరు కాగితాలు అరువు తేకూడదని గల్లీ అంతటికీ ఆయనే చెప్పి ఉంచాడట. ఆడపిల్ల చదువు పాడుచేస్తే ఊరుకోనన్నాడట.

తేడా వచ్చింది. మరీ పెద్దది కాదు, కానీ నిజమైంది. కంప్యూటరు ఉన్న గల్లీల్లో సరుకు మాటిచ్చిన తేదీకి వెళ్తోంది, లేని గల్లీల్లో ఆలస్యమవుతోంది. థీసిస్ ఇచ్చేశాను. ఇచ్చాక కంపెనీ వాళ్ళతో పోట్లాడి, సాఫ్ట్‌వేరు మళ్ళీ పెట్టించడానికి ఇంజనీరును వెంటబెట్టుకుని అంకుల్ షెడ్డుకు వెళ్ళాను. ఆయన బయటికి వెళ్ళాడని, వచ్చేదాకా కూర్చోమని పక్కాయన తన షెడ్డులో కుర్చీ వేశాడు. చూస్తే ఇటు రెండు లేతులే తిరుగుతున్నాయి. గోడ అవతల, అంకుల్ షెడ్డులో, అదీ లేదు. చప్పుడే లేదు.

"ఏంటి బాబాయ్, ఇవాళ సెలవా?"

"నీకు చెప్పలేదా అమ్మా? గుమ్మడిదల మందుల కంపెనీ వాళ్ళు ఆయనకు ఆర్డర్లివ్వడం మానేశారుగా. మూడుసార్లు సరుకు ఆలస్యమైందని. ఆయనకు సగం పని వాళ్ళదే కదా. వానాకాలంలోనే ఆ పని పోయింది."

వానాకాలం అంటే నేను చెప్పిన ఏడాదిలో సగం కూడా కాలేదు. నా థీసిస్‌లో వచ్చిన తేడాలో ఆ మూడు ఆలస్యాలూ, వాటితో ఆయన పోగొట్టుకున్న కంపెనీ కూడా ఉన్నాయి. ఆ తేడా చూసినరోజు నేను మిఠాయిలు పంచాను. కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను.

అంకుల్ వచ్చాడు. ఇంజనీరును చూసి, "తెచ్చినవా? మాట తప్పలే," అని నవ్వాడు.

"గుమ్మడిదల వాళ్ళు మానేశారని నాకెందుకు చెప్పలేదు?" కోపంగానే అడిగాను.

ఆయన కంప్యూటరు మీది దుమ్ము గుడ్డతో తుడుస్తూ అన్నాడు: "చెప్తె నువ్వు నడుమల్నే తెచ్చిస్తుంటివి."